గడియారం మీది బంతిపూలు

డెబ్బైలలో మా వరంగల్ పార్కులో పూల గడియారం పెట్టారు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మట్టి ఏటవాలుగా పోసి, గుండ్రంగా మడి కట్టి, కింద గుంటలో మోటారు బిగించి, పైన ఇనుప ముళ్లు అమర్చారు. అంకెల జాగాలో బంతి మొక్కలు. ఆ మడికి మాలి మా నాయిన. ముల్లు కాస్త వెనకబడితే జనం నవ్వుకుని పోయేవాళ్లు. ఒక్క మొక్క వాడిందంటే మాత్రం ఆయనకు అన్నం సయించేది కాదు.

చిక్కేమిటంటే, ఆ బంతి విరగబూసేది సరిగ్గా బతుకమ్మకే. పండుగ దగ్గర పడితే మా ఊరి ఆడవాళ్ల కళ్లు ఎవరి పెరడునూ వదలవు. బతుకమ్మకు పువ్వు తెంపితే దొంగతనమని ఎవరూ అనుకోరు. మొదటి యేడే ఒక పొద్దున చూస్తే, గడియారంలో సగం అంకెలు మాయం! తోటల ఆఫీసరు వచ్చి, "ఇంకోసారి ఇట్లయితే నీకు ఈ పని ఉండదు" అన్నాడు. అప్పటినుంచి ఏటా పండుగ రోజుల్లో మా నాయిన కట్టె పట్టుకుని కాపలా. "తల్లీ, మీకు దండం పెడ్త, జర అవుతలికి పోర్రి!" అని బతిమాలేవాడు. వినకపోతే తిట్టేవాడు.

పోనీ మా అమ్మకైనా ఇచ్చాడా? అబ్బే! "ఊరందరి బతుకమ్మల బంతులుంటయి. మాలి పెండ్లాం బతుకమ్మల లేకపాయె" అని ఆమె దెప్పేది. "సర్కారు పూలు. ఒక్కటి గూడ ఇయ్య" అనేవాడు. ఆమె మూతి ముడుచుకుని ఊరవతల చెల్కల దిక్కు పోయి, తంగేడు, గునుగు పూలు ఒడినిండా తెచ్చుకునేది. నాకు ఒళ్లు మండేది. ఏం మనిషో!

ఒక యేడు అమ్మకు కడుపు ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చింది గానీ మంచం దిగలేదు. పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందురోజు నేను పూలకు పోతే, అప్పటికే చెల్కలన్నీ ఊడ్చుకుపోయారు. పిడికెడు గునుగు దొరికింది. అది చూసి అమ్మ గోడ దిక్కు తిరిగి ఏడ్చింది. "పుట్టినకాన్నుంచి ఒక్క యేడు తప్పలే. గీ యేడు నాకు బతుకమ్మ లేదు." నాయిన విన్నాడు. కట్టె తీసుకుని కాపలాకు పోయాడు.

తెల్లారి తువ్వాల మూట తెచ్చి మంచం మీద విప్పాడు. అన్నీ బంతులే. అమ్మ గుండెమీద చెయ్యేసుకుంది.

"అయ్యో, గడియారం పూలు తెంపినవా? నౌకరి పోతదయ్యా!"

"పోతే పోనియ్. నువ్వు పేర్సు."

ఆయాసపడుతూ మంచం మీదే కూర్చుని పేర్చింది. మొహం ఎంత వెలిగిందో! సాయంత్రం నేనే ఎత్తుకుపోయి చెరువులో వదిలి వచ్చాను.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. ఉత్త ఆకుల మీద ఇనుప ముళ్లు తిరుగుతున్నాయి. "ఎవలు తెంపిండ్రు?" అని అరిచాడు. ఊరి ఆడవాళ్ల మీదికి నెడితే సరిపోయేది. "నేనే సార్. నా పెండ్లానికి" అన్నాడు మా నాయిన. నౌకరీ పోలేదు గానీ, ఆయన్ను గడియారం దగ్గర్నుంచి తీసేసి, కుండీల్లో మట్టి నింపే పనికి పంపారు. తర్వాత గుంటలో వాననీళ్లు నిండి మోటారు కాలింది. ఎనభైలలో ఆ మడిని చదును చేసి గడ్డి వేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆ దిక్కే పోలేదు.

అయితే మా ఇంటి ముందు జాగాలో గుండ్రంగా ఒక మడి కట్టాడు. ముళ్లు లేవు, మోటారు లేదు. అంకెలుండే చోటల్లా బంతి. ఏటా సద్దుల నాడు పొద్దున్నే అమ్మను పిలిచేవాడు, "రా, తెంపుకో" అని. ఆమె ఒక్కటీ మిగల్చకుండా తెంపుతుంటే పక్కనే నిలబడి చూసేవాడు. చేతిలో కట్టె ఉండేది కాదు.