లాగుడు బావ

మా బావకు చేతికి దొరికినదల్లా లాగి చూసే జబ్బుంది. రబ్బరు బ్యాండు, సాక్సు, ఉడికిన నూడుల్సు, పక్కవాడి గడియారం పట్టీ, ఏదైనా సరే. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా సాగదీస్తాడు, వదిలేస్తాడు, కళ్లు చికిలించి తీర్పు చెబుతాడు: “ఊహూ, ఇది నవ్వదు.” నవ్వడమేమిటని అడిగేలోపు ఇంకోటి లాగుతుంటాడు. వీధిలో ఆయన పేరు ఎవరికీ తెలియదు. ‘లాగుడాయన’ అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

ఆయన ఉద్యోగమూ అదే. ఒకప్పుడు ఫ్యాక్టరీలో రబ్బరు బెల్టులు లాగి చూసేవాడు. ఇప్పుడు కాలిన గాయాలకు కొత్త చర్మం తయారుచేసే ప్రయోగశాలలో ఉన్నాడు. అక్కడ ప్లాస్టిక్‌కు దూరపు చుట్టంలాంటి ఓ పాలిమర్‌ను వెంట్రుక కన్నా సన్నటి దారాలుగా తీసి, వలలా పరుస్తారు. దానిమీద చర్మకణాలు వేస్తే, పందిరికి తీగ అల్లుకున్నట్టు అల్లుకుపోతాయి. అవి సొంతంగా నిలదొక్కుకునేసరికి వల కరిగిపోతుంది. అలా తయారైన ముక్కను మిషనుకు తగిలించి ఎంత సాగుతుందో చూడడం బావ పని. లాగినందుకు జీతమిచ్చే చోటు వెతుక్కుని మరీ చేరాడని మా అమ్మ ఎకసెక్కాలాడుతుంది.

వెతుక్కున్న మాట నిజమే. మా అక్కకు మొహం కాలినప్పుడే వెతుక్కున్నాడు.

అక్క నవ్వితే పై వాటాలో ఉన్న నాకు వినబడేది. చేతిలో పని వదిలేసి, విషయమేమిటో తెలియకుండానే నవ్వుకుంటూ మెట్లు దిగేదాన్ని. కుక్కర్ మూత ఎగిరి ఆవిరి కొట్టడంతో ఆమె ఎడమ చెంప, పెదవి కొస కాలాయి. గాయం మానింది గానీ మచ్చ బిగుసుకుపోయి, నోరు ఆ వైపు సరిగ్గా తెరుచుకోదు. రోజూ చెంప సాగేలా కసరత్తు చెయ్యకపోతే ఇంకా బిగుస్తుందని డాక్టరు హెచ్చరించాడు. ఆ కసరత్తు అద్దం ముందు కూర్చుని చెయ్యాలి. అక్క అద్దం వైపే పోలేదు. ఆ పాత నవ్వు కోసం నాకు ఎంత బెంగంటే, ఒక్కోసారి ఊరికే మెట్ల మీద నిలబడి వినేదాన్ని. కింద నుంచి గిన్నెల చప్పుడే వచ్చేది.

ఇలాంటి ఇంట్లో ఈయన లాగుడొకటి! ఓ రోజు మా ఆఫీసు మేనేజరు వచ్చి టీ తాగుతుంటే, బావ ఎదురుగా కూర్చుని ఆయన టై కొస పట్టుకున్నాడు.

“ఒక్కసారి, సార్.”

“ఏమిటండీ ఇది?”

“ఊహూ. నవ్వదు, సార్.”

“ఏమిటి నవ్వనిది?”

“టై అండీ. మీరూ పెద్దగా నవ్వేలా లేరు.”

నాకు భూమిలోకి కుంగిపోయినంత పనైంది. వంటింట్లో అక్క చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. ఆ మర్నాడే బావ కర్టెన్ లాగి, రాడ్డుతో సహా నెత్తిమీద వేసుకున్నాడు.

ఓసారి అక్కా నేనూ ప్రయోగశాలకు వెళ్లాం. గులాబీరంగు ద్రవంలో తపాలాబిళ్లంత చర్మం తేలుతోంది. పెద్ద సైంటిస్టు అక్కతో మొరపెట్టుకున్నాడు.

“మీవారికి కాస్త చెప్పండమ్మా. రిపోర్టులో ‘నవ్వదు’ అని రాస్తున్నారు. పైవాళ్లకు నేనేం చెప్పుకోను?”

“తప్పేముంది, సార్?” అన్నాడు బావ. “అతుక్కుంటోంది, పెరుగుతోంది, గాయం మూస్తోంది. కానీ మనిషి నవ్వితే సాగాలి, సాగి మళ్లీ వెనక్కి రావాలి. ఇది రావట్లేదు.”

“మనుషుల దాకా ఎప్పటికొస్తుందండీ?” అక్క మెల్లగా అడిగింది.

“ఇంకా ఏళ్లు పడుతుందమ్మా.”

అక్క తల దించుకుంది. బావ మొహం పాలిపోయింది. మరుక్షణం పెద్దాయన చేతి గ్లౌజు లాగి వదిలాడు. అది టప్పున ఎగిరి ఆయన బట్టతల మీదే వాలింది. అక్క గోడ వైపు తిరిగిపోయి భుజాలు కదిలేలా నవ్వింది. బావను ఆ పూట ఉద్యోగంలోంచి తీసెయ్యకపోవడం ఆ పెద్దాయన మంచితనం.

మొన్న కసరత్తులు నేర్పే ఆవిడ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆవిడ చిన్న స్కేలుతో అక్క నోరు కొలిచి సంబరపడింది.

“బాగా తెరుచుకుంటోందే! కసరత్తు మానకుండా చేస్తున్నట్టున్నారు.”

“ఒక్కరోజూ చెయ్యలేదండీ,” అంది అక్క.

“మరి మీవారు రోజూ చేయిస్తున్నానన్నారే! కసరత్తంటే ఏడుస్తోంది, బదులుగా నవ్విస్తే పనికొస్తుందా అని అప్పట్లో అడిగారు. కొంత పనికొస్తుంది, కానీ రోజూ నవ్వించాలి అన్నాను.”

బావ గోడమీది పటాన్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

“ఏవండీ, అయితే ఆ టై?”

“కావాలనే.”

“గ్లౌజు?”

“అదీ కావాలనే. బట్టతల మాత్రం నా అదృష్టం.”

“కర్టెన్?”

“అది నిజంగానే ఊడిందే. చాలా నొప్పెట్టింది.”

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “వీధిలో అందరూ మిమ్మల్ని పిచ్చాడంటున్నారు, తెలుసా?”

“తెలుసు. అదీ నీకు చెప్పి నవ్విద్దామనుకున్నాను, మర్చిపోయాను.”

“ఇక చాలించండి. రేపట్నుంచి కసరత్తు నేనే చేసుకుంటాను. మీరు మనిషిలా కుదురుగా కూర్చోండి.”

బావ దిగులుగా చేతులు చూసుకున్నాడు. “ఇప్పుడు మానెయ్యమంటే ఎలాగే? అలవాటైపోయింది.”

అక్కకు నవ్వాగలేదు. ఆ పాత నవ్వు కాదది. ఎడమ కొస ఇంకా పట్టేసే ఉంది. పాత నవ్వు కోసం నాకింకా బెంగగానే ఉంది. అయినా గదంతా వినబడేలా నవ్వింది, విషయం తెలిసే నేనూ నవ్వాను. ఆవిడ స్కేలు పట్టుకుని అక్క మొహం వెంట అటూ ఇటూ తిరిగింది.

“కాస్త నవ్వాపండమ్మా, సరిగ్గా కొలవాలి.”

“వద్దు వద్దు,” అన్నాడు బావ, “ఆపొద్దు.”