వెల్డింగ్ ఫారం

మా కాలేజీ గోడకి నోటీసు అంటించారు. అమ్మాయిలకు ఉచితంగా పని నేర్పిస్తారట, కుట్టు ఒకటి, వెల్డింగ్ ఒకటి. బి.ఏ. రెండో ఏడాది అమ్మాయిలం చదివి నవ్వుకున్నాం. డిగ్రీ చదివి ఇనుము అతకడమేమిటి? కుట్టయితే పర్లేదు, పెళ్ళిచూపుల్లో చెప్పుకోవచ్చు. అంతవరకే మా తెలివి. నవ్వనిది ఒక్కతే, బెంచీ మీద నా పక్కన కూర్చునే దోర్ల తెగ పిల్ల.

వాళ్ళది మరైగూడ దగ్గరి పల్లె. హాస్టల్లో ఉండేది. మేం శ్రీకాకుళం వాళ్ళం, మా నాన్న కిరండూల్ రైలు లైన్లో గ్యాంగ్‌మన్. అది హిందీ రాష్ట్రం, క్లాసంతా హిందీలో మాట్లాడుతుంటే మేమిద్దరం తెలుగులో గుసగుసలాడుకునేవాళ్ళం.

"ఈ ఏడు పని దొరకకుంటే చదువు బంద్ జేసి రమ్మన్నడు మా అయ్య. ఇనుప గనుల వర్క్‌షాపుల వెల్డింగ్ వచ్చినోళ్ళను తీసుకుంటరంట. నేను అదే నేర్చుకుంట," అంది.

అంతలో బీడీల తునికాకు సీజన్ వచ్చింది. ఆ రోజుల్లో అటువైపు పిల్లలెవరూ హాస్టల్లో ఉండరు, ఇంటిల్లిపాదీ ఆకు కోసి కట్టలు కట్టాలి. ఫారం ఆఖరి తేదీ సరిగ్గా అప్పుడే పడింది. తను ఫారం నింపి, సంతకం చేసి, ఆఫీసులో ఇవ్వమని నా చేతిలో పెట్టి బస్సెక్కింది. మర్చిపోవద్దని మాత్రం చెప్పింది.

నేను మర్చిపోలేదు. అంతకంటే పెద్ద పాపం చేశాను.

ఆ ఫారం మా అమ్మ కంట పడింది. "ఆడపిల్ల నిప్పు ముందర కూకుంటే కళ్ళు పోవా? రేపు దాన్ని ఎవుడు సేసుకుంతాడు? నేస్తురాలివి, నువ్వైనా సెప్పవేటి?" అంది. నాకూ అదే నిజమనిపించింది. దాని మంచి నాకే తెలుసన్న పొగరు. వెల్డింగ్ అన్న మాట కొట్టేసి, పైన కుట్టు అని రాసి, కుట్టుకని నేను నింపుకున్న ఫారంతో కలిపి ఇచ్చేశాను. పక్కపక్క మిషన్ల మీద కూర్చుంటామని సంబరపడ్డాను కూడా.

జాబితా అంటించిన రోజు తను ఎండకు నల్లబడి వచ్చింది. వెల్డింగ్ జాబితాలో పైనుంచి కిందికి వేలుపెట్టి రెండుసార్లు వెతుక్కుంది. పేరు కుట్టు జాబితాలో దొరికింది. ఆఫీసులో గుమాస్తా ఫారం తీసి చూపించాడు. నా అక్షరాలు తనకు తెలుసు, ఏడాదంతా నా నోట్సే రాసుకుంది. మార్చమని నేను బతిమాలాను. సీట్లు నిండిపోయాయన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"నన్ను ఒక్క మాట అడిగినవా?" అంది బయటికొచ్చాక.

"నీ మంచికే కదా," అన్నాను.

"నా మంచి ఏందో నీకెట్ల ఎరుక?"

గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. కొన్నాళ్ళు కుట్టుకు వచ్చింది. పని దొరకలేదు. ఏడాది తిరిగేసరికి ట్రంకు పెట్టె పట్టుకుని వాళ్ళ ఊరివైపు వెళ్ళే కోంటా బస్సెక్కింది. మళ్ళీ కనబడలేదు.

నేనైనా కుట్టు నేర్చుకున్నానా అంటే అదీ లేదు, నెలకే మానేశాను.

రెండేళ్ళకు మా క్వార్టర్ గేటు విరిగింది. ఆ వెల్డింగ్ బ్యాచ్‌లో నేర్చుకుని వర్క్‌షాపులో చేరిన అమ్మాయే వచ్చి అతికింది. మా అమ్మ గేటుని ఊపి చూసి, ఆ పిల్లకి టీ ఇచ్చి, నావైపు తిరిగింది.

"సూడు, ఆడపిల్లయినా ఎంత గట్టిగా అతికిందో. నువ్వూ ఉన్నావు, ఎందుకూ?"

అమ్మకి ఆ ఫారం సంగతి గుర్తే లేదు. నేను ఆ గేటు తెరుచుకుని బయటికి వెళ్ళిపోయాను.