ఊడదీయించిన వైరు

వానలు మొదలయ్యాయంటే, పడకా పొయ్యీ ఉన్న మా టూర్ల వ్యాన్‌ని రాజోలులో షెడ్డులో పెట్టేస్తాం. పోయినేడు వానలయ్యాక తీస్తే బ్యాటరీలు పాడైపోయి, అమ్మతో ప్రయాణం ఆగిపోయింది. ఈసారి షెడ్డుకి తాళం వేసి బస్సెక్కాక, ఆ దిగులే పక్కసీటావిడతో చెప్పాను.

“బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసేరాండీ?” అన్నారావిడ.

“లేదండీ.”

“ఇంజను ఆపేసినా బండి కరెంటు లాగేస్తూనే ఉంటుందండి. వైరు తీయించి, నెలకోసారి ఛార్జింగు పెట్టించండి. దోహాలో ఉన్న మావారు ఇక్కడ వదిలెళ్ళిన కారుకి నేను చేసేది అదేనండి. ఆయన వచ్చిన రోజున అది కదలకపోతే, మేం ఎదురుచూడలేదనుకుంటారండి.”

షెడ్డు రెండో తాళంచెవి రాజోలులోనే ఉండే తమ్ముడి దగ్గరుంది; వెంటనే వాడికి ఫోన్ చేశాను. “ఆయ్, ఇప్పుడే తీసేస్తానక్కా,” అని వాడు అనేదాకా ఆవిడ నావైపే చూస్తూ కూర్చున్నారు.

వానలు తగ్గాక వైరు మళ్ళీ తగిలించి తాళం తిప్పితే వ్యాన్ ఒక్కసారికే అందుకుంది. వెనక అమ్మ అప్పుడే దుప్పటి పరుచుకుంటోంది. దోహా ఆయన కారు కూడా ఇలాగే అందుకుని ఉంటుంది.