గుండెల్లో మంట గురించి నేను రాసిన అబద్ధం

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఆయన పోయారు కాబట్టి ఆయన చెవిన పడుతుందన్న భయం ఇక లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. నేను డాక్టర్ని. ఒక మనిషి మీద పగ తీర్చుకోవడానికి నా చదువును వాడుకున్నాను. ఇంతకాలం మోసింది ఈ ఒక్క మాటే.

డెబ్భైల చివర్లో మేం ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన కాకినాడలో ఇంజనీరింగ్ చదివారు. ఇక్కడ దొరికింది లేత్ మిషన్ మీద పని. ఇండియాలో డాక్టర్ చదువు అయిపోయిన నేను, ఇక్కడి లైసెన్సు పరీక్షలకి చదువుకుంటున్నాను. ఇల్లు ఆయన జీతం మీదే నడిచేది. ఆ లేత్ షాపులో పని చేయించే ఫోర్‌మన్ పేరు డేల్.

ఒకరోజు డేల్ కొలత తప్పు చెప్పాడు. మా ఆయన కోసిన ఇనప ముక్కలన్నీ పాడయ్యాయి. తప్పంతా ఆయన మీదికే నెట్టి, భోజనాల వేళ అందరి ముందూ ఒక చెక్కపెట్టె మీద నిలబెట్టి, 'నేను తెలివితక్కువ వాణ్ణి' అని చెప్పమన్నాడు. ఆయన చెప్పారు. ఆయన యాసని వెక్కిరిస్తూ మళ్లీ చెప్పించాడు. ఆ సాయంత్రం సింక్ దగ్గర గ్రీజు కడుక్కుంటూ, నవ్వుతూనే నాకిదంతా చెప్పి, "పోనీలే, నీ ఎగ్జామ్ పాసయ్యేదాకా ఓర్చుకుంటే చాలు" అన్నారు.

నేను పాసయ్యాను. ఆయన మాత్రం బయట ఇంగ్లీషులో నోరు విప్పడం మానేశారు. ఫోన్ మోగితే నా వైపు చూసేవారు. తర్వాత మంచి ఉద్యోగమే వచ్చింది గానీ, మీటింగుల్లో మాట్లాడరని పైకి రానివ్వలేదు. కాలేజీలో డిబేట్లలో గెలిచిన మనిషి. నాకు డేల్ గుర్తొచ్చినప్పుడల్లా పళ్లు బిగుసుకునేవి.

ఎనభైల మొదట్లో నాకు మాజీ సైనికుల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. జబ్బు సైన్యంలో ఉండగా మొదలైందని తేలితే ప్రభుత్వం భృతి ఇస్తుంది, వైద్యం చూసుకుంటుంది. అలా అడిగినవాళ్లని పరీక్షించి అభిప్రాయం రాయడం నా పనుల్లో ఒకటి. ఒక ఉదయం ఫైల్ మీద డేల్ పేరు, ఆ షాపు పేరు కనిపించాయి. నా కోటు మీద ఉన్నది పుట్టింటి పేరు. నేనెవరో అతనికి తెలిసే దారి లేదు.

నేను ఊహించుకున్న రాక్షసుడు రాలేదు. బుగ్గలు లోపలికి పోయిన మనిషి టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ మంట ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఆర్మీలో చేరిన రెండో ఏడు నుంచి, డాక్టర్. పడుకుంటే తిన్నదంతా పుల్లగా గొంతులోకి వచ్చేస్తుంది. కుర్చీలో కూర్చునే నిద్రపోతాను."

"తాగుతారా?"

"ఎప్పుడైనా ఒక బీరు. ఇప్పుడు అదీ పడటం లేదు."

"పనిలో కోపం ఎక్కువా?"

"ఉండేది. లోపల అలా కాలిపోతుంటే ఎవరో ఒకరి మీద పడతాం కదా. షాపులో కొంతమందిని ఏడిపించాను. తప్పే."

"ఎవరిని?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పేరు చెబుతాడనుకున్నాను. చెబితే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు. అతను కాసేపు ఆలోచించి, నిజంగానే ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు.

"పేర్లు గుర్తు లేవు, డాక్టర్."

గుర్తు లేదు! మా ఇంట్లో ఒక మనిషి నోరు మూగబోయింది, ఆ పని చేసినవాడికి పేరు కూడా గుర్తు లేదు. ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. చాలాసేపు కూర్చోబెట్టి అడిగాను. అతనికి అది శ్రద్ధలా కనిపించి ఉంటుంది. నేను వెతుకుతున్నది అతన్ని ముంచే మాట కోసం. బీరు దొరికింది. కోపం దొరికింది. తాగుడు వల్ల, ముక్కోపం వల్ల తర్వాత వచ్చిన జబ్బు, సైన్యానికి సంబంధం లేదు అని రాశాను. సైన్యంలో ఉండగా ఇదే మంటకి మందు తీసుకున్నట్టు ఫైల్లో పదే పదే ఉంది. ఆ ఊసే ఎత్తలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి పాట పాడుకుంటూ వంట చేశాను. "ఏంటివాళ హుషారు?" అన్నారు మా ఆయన. ఏం లేదన్నాను.

అతని దరఖాస్తు తోసిపుచ్చారు. అతను అప్పీలుకి వెళ్లాడు. పైవాళ్లు ఫైల్ తిరిగి నాకే పంపి, ఆ పాత మందుల సంగతి చూశారా అని అడిగారు. మొదటిసారి కోపంలో రాశాను, ఒప్పుకుంటాను. రెండోసారి కోపం కూడా లేదు. కాఫీ తాగుతూ, అవి మామూలు అజీర్తికి ఇచ్చిన మందులు, అప్పుడే తగ్గిపోయింది అని రాశాను. మొదటి అబద్ధాన్ని కాపాడుకోవడానికా? లేక ఆ రుచి మరిగానా? రెండూ అనుకుంటాను. అప్పీలు పోయింది.

చాలాకాలం తర్వాత ఆసుపత్రి కారిడార్‌లో డేల్ భార్య నన్ను ఆపింది. పక్కన చక్రాల కుర్చీలో అతను. ఏళ్ల తరబడి ఆ పులుపు కాల్చేసి అన్నవాహిక మూసుకుపోయింది. భృతి లేక, ఉద్యోగం పోయాక సరైన వైద్యం ఆలస్యమైంది; చివరికి ఏ ఆదాయమూ లేనివాళ్ల కింద ఇక్కడ చేర్చుకున్నారు. గంజిలాంటిది తప్ప ఏదీ దిగడం లేదని ఆమె చెప్పింది. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. మాట గరగరలాడుతోంది.

"అందరిలోకీ మీరొక్కరే నా మాట కూర్చుని విన్నారు, డాక్టర్. పైవాళ్లు నమ్మలేదు, మీరేం చేస్తారు. థాంక్యూ."

నాకేమనిపించిందో దాచను. జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కసి. ఇదంతా ఎవరు చేశారో, ఎవరి కోసం చేశారో తెలుసుకోకుండానే ఇతను పోతాడే అని. మా ఆయన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మనిషి మెడ కేసి చూశాను, కాలరులో వదులుగా, పక్షి మెడలా ఉంది. "ఇట్స్ ఓకే" అని చెయ్యి విడిపించుకున్నాను. ఆ ఏడాదే పోయాడని విన్నాను.

మీరు క్షమించాలని రాయడం లేదు. క్షమించాల్సిన మనిషి లేడు, ఉన్నా అడిగే ధైర్యం నాకు ఉండేది కాదు. అతను మా ఆయనకి చేసింది తప్పు కాదని ఇప్పటికీ అనలేను. కానీ ఆ రోజు నా ముందు కూర్చుని అతను చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే రాశాను. పైవాళ్లు కాదు, నేనే.