అమ్మ పేరున పి.పి. కాల్

పి.పి. నంబరంటే పక్కింటి ఫోన్ నంబరేనని మొన్న ఎవరో పిల్లలకు చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. విజిటింగ్ కార్డుల మీద జనం అలా వేయించుకున్న మాట నిజమే. కానీ ఆ మాట ట్రంకు కాల్ నాటిది. పర్టిక్యులర్ పర్సన్. ఫలానా మనిషే కావాలని పేరు చెప్పి బుక్ చేస్తే, ఆ మనిషి వచ్చాకే ఆపరేటర్ లైను కలిపేది.

సముద్రం అవతల మేముండే దీవిలో, మిడిల్ పాయింట్‌లో మా ఇళ్ల వరస మొత్తానికి ఫోన్ ఉన్నది పక్కింటి నర్సమ్మకే. మా నాన్న ఉత్తరాల్లో ఆ నంబరు రాసి, పక్కన దర్జాగా పి.పి. అని పెట్టేవాడు.

భీమిలిలో అమ్మమ్మకు ఆపరేషన్ అన్నారు. అమ్మకు ఓడలో సీటు దొరకలేదు. ఆపరేషన్‌కు ముందు కూతురి గొంతు వినాల్సిందేనని అమ్మమ్మ పట్టుబట్టిందట, అమ్మ పేరున పి.పి. కాల్ బుక్ చేస్తానని మావయ్య టెలిగ్రాం ఇచ్చాడు. అమ్మ తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి రెండు రోజులు నర్సమ్మ ఇంట్లో ఫోన్ ఎదురుగా కూర్చుంది. కాల్ రాలేదు. మూడో రోజు తుష్నాబాద్ బడికి వెళ్లక తప్పలేదు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన అమ్మకు నర్సమ్మ మా గుమ్మంలోనే ఎదురైంది.

"దీదీ, మాఫ్ చెయ్యి. నువ్వు లేవంటే లైన్ కట్ చేసేత్తారని, నేనే నువ్వని చెప్పీసేను. మీయమ్మ తిన్నావా అమ్మా అనడిగింది. తిన్నానన్నాను."

అమ్మ ఆమెను దాటుకుని లోపలికి వెళ్లిపోయింది. కోపమో, అసూయో, తర్వాత కూడా పక్కింటి వైపు చూడలేదు. ఆదివారం తెలుగు చర్చికి వెళుతూ నర్సమ్మ మా గేటు దగ్గర ఆగి, అమ్మమ్మ కోసం ప్రార్థన చేయిస్తానని నాతో చెప్పింది. నాకు ఆమెను చూస్తే జాలేసింది. తన తల్లి పోయినప్పుడు ఓడ దొరక్క ఆమె వెళ్లలేకపోయిందని మా వరసలో అందరికీ తెలుసు.

ఆపరేషన్ బాగా జరిగిందని టెలిగ్రాం వచ్చింది. ఆ తర్వాతి ఓడలో ఉత్తరం వచ్చింది. అమ్మమ్మ చెబుతుంటే మావయ్య రాసిన ఉత్తరం. అమ్మ పైకి చదివింది.

"ఆ రోజు మాట్లాడింది నువ్వు కాదని మొదటి మాటకే తెలిసింది. నా కూతురి గొంతు నాకు తెలీదా? అమ్మా అంటూనే ఆ పిల్ల ఏడ్చేసింది. ఫోన్ పెట్టెయ్యబుద్ధి కాలేదు. వచ్చేటప్పుడు దాన్ని కూడా తీసుకురా."

అమ్మ ఆ ఉత్తరం పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి వెళ్లింది.

ఆ తర్వాత మావయ్య ఎప్పుడు పి.పి. కాల్ బుక్ చేసినా, అమ్మమ్మ ఇద్దరి పేర్లూ చెప్పించేది. ఎవరున్నా కలపమనేది.