మూడేళ్ల కిందటి రక్తం

మా యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో మెషిన్లన్నీ ఒకే గదిలో ఉంటాయి. మూడు డిపార్ట్‌మెంట్లకు అవే దిక్కు. ఆ గదికి అసలు యజమాని ఎల్లేశం. హోదాకు అటెండరే గానీ, ఆయనకు చెప్పకుండా ప్రొఫెసర్లమైన మేం కూడా ఏ మెషిన్ మూతా తీయం. తీస్తే ఆయన చూసే చూపుకు మేం చదువుకున్న సంగతే మరిచిపోతాం.

మా గోదావరిఖనిలో రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గని సైరన్ మోగుతుంది. కాసేపటికి పేలుడు, మా కిటికీలు గడగడ. ఆ అదురుకు మెషిన్లు పాడవకుండా, సైరన్ వినగానే ఎల్లేశం గోడ మీది పెద్ద స్విచ్ దించుతాడు. పేలుడు అయ్యాక ఎత్తుతాడు. శనివారం ఒంటిపూట కాబట్టి దించేసి, తాళం వేసి ఇంటికి వెళ్తాడు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పద్ధతి. ఎప్పుడూ ఆగకూడని డీప్ ఫ్రీజర్‌కు మాత్రం వేరే లైను ఉండేది.

నా దగ్గర పీహెచ్‌డీ చేసే జబీన్ ప్రాణమంతా ఆ ఫ్రీజర్‌లోనే ఉండేది. అరవై నలుగురు గని కార్మికుల రక్తం మూడేళ్ల కింద తీసి అందులో దాచింది. ఈ జూన్‌లో మళ్లీ వాళ్ల రక్తమే తీసి రెండూ పోల్చి చూస్తే, బొగ్గు దుమ్ము ఒంట్లో ఏం చేస్తోందో తేలేది. మొదట్లో ఒక్కడూ చెయ్యి చాపలేదు. ఎల్లేశమే షిఫ్టు దిగే వేళ గని గేటు దగ్గర నిలబడి, "మన బిడ్డనే అన్నా, భయపడకు" అంటూ ఒక్కొక్కరినీ పట్టుకొచ్చాడు.

మే నెలలో ఓ శుక్రవారం ఫ్రీజర్ ప్లగ్గు మాడిపోయింది. ఎలక్ట్రీషియన్‌తో దాన్ని పెద్ద స్విచ్ లైనుకు కలిపించాను. ఆ రోజు ఎల్లేశం సెలవు. మర్నాడైనా ఆయనకు ఒక్క మాట చెప్పాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. శనివారం సైరన్ మోగింది. ఆయన స్విచ్ దించి, తాళం వేసి, షేర్ ఆటో ఎక్కాడు.

సోమవారం తలుపు తీస్తే ఫ్రీజర్ కింద నీళ్లు. జబీన్ ట్యూబులు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసింది. పనికొచ్చేది ఒక్కటీ మిగల్లేదు. తప్పు నాదేనని చెప్పాను. నా ఒప్పుకోలు ఎవరికి కావాలి?

"గీ చేతులతోనే ఆర్పిన బిడ్డా. తిట్టు, మంచిగనిపిస్తది" అన్నాడు ఎల్లేశం. ఆమె తిట్టకపోతే ఆయనే మళ్లీ అన్నాడు: "మల్ల పోత, అందర్ని తీస్కొస్త. ఎంత గావాల్నో అంత తీస్కో."

"ఇప్పటి రక్తం దొరుకుతది కాకా. మూడేండ్ల కిందిది ఎక్కడికెళ్లి తెస్తవ్?"

ఆయనకు అర్థమయిందనుకున్నాం. బుధవారం డ్యూటీ దిగిన తన బావ రఘుపతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ముఖం మీద బొగ్గు కూడా పూర్తిగా పోలేదు. వద్దని చెప్పే ధైర్యం జబీన్‌కు లేకపోయింది. నాకు అసలే లేదు. ఆమె సూది తీసింది.

"దీంతోని ఎప్పుడు తెలుస్తది బిడ్డా?" అన్నాడు రఘుపతి.

"ఇంకో మూడేండ్లకు, బాపూ."

ఆయన నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా జబీన్ సూది పట్టుకుని నిలబడింది.

"గప్పటిదాంక నేనుండాలె గదా" అని ఆయన చెయ్యి చాపాడు.