ఆషాఢంలో విమల గారి సంతకం

2022 మే నెలాఖరు. న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా చిన్న లా ఆఫీసు. ఒక కంపెనీలో వాటా కొనేముందు ప్రభుత్వానికి చెప్పాలా, అక్కర్లేదా అని తేల్చడం నా పని. పార్టీల్లో ఎవరైనా అడిగితే, సగం చెప్పేలోపే ప్లేటు పట్టుకుని జారుకుంటారు.

ఆ రోజు రామ్మోహన్ గారు, ఆయన భార్య విమల గారు వచ్చారు. వాళ్లది పెద్ద మందుల కంపెనీ. ఎల్‌ఎల్‌సీ కాబట్టి అందులో షేర్లుండవు, భాగస్వాముల వాటాలే ఉంటాయి. వాటినే మేం నాన్-కార్పొరేట్ ఇంటరెస్ట్ అంటాం. నలభై శాతం ఆయనది. విమల గారు కెమిస్టు. మొదటి నుంచీ ల్యాబ్ భారమంతా ఆవిడదే అయినా, కాగితాల మీద మాత్రం ఉద్యోగి. ఇప్పుడు రిటైరవుతున్న భాగస్వామి దగ్గర పదిహేను శాతం ఆవిడ పేరున కొంటున్నారు. ఇల్లాలి పేరున కొంటే కలిసొస్తుందని ఆయన నమ్మకం. ఆషాఢం రాకముందే ముహూర్తం కూడా పెట్టించేశారు.

ముహూర్తం మాట వినగానే నేను క్యాలెండర్ తిప్పి చూశాను.

"ముందు ప్రభుత్వానికి ఫైలింగ్ చేసి ముప్పై రోజులు ఆగాలి సార్. ఎల్‌ఎల్‌సీలో ఓట్లు చూడరు. లాభాల్లో గానీ, కంపెనీ మూసేస్తే మిగిలే ఆస్తిలో గానీ సగమో ఆపైనో వస్తే కంట్రోల్ వచ్చినట్టే. మీ వాటా విలువ కూడా ఈ ఏటికి ప్రభుత్వం పెట్టిన లిమిట్ దాటింది."

"నాది ఫార్టీ, తనది ఫిఫ్టీన్. సగం ఎక్కడుందమ్మా?"

"భార్యాభర్తల వాటాలు కలిపి లెక్కేస్తారు సార్."

ఆయన పెద్దగా నవ్వారు. "ఏసీ ఎంతలో పెట్టాలో కూడా మాకు కుదరదమ్మా! గవర్నమెంట్‌కి మేం ఒకటెలా అయ్యాం?"

విమల గారు నవ్వలేదు. ఇన్నేళ్లకు దక్కుతున్న వాటా కూడా మళ్లీ ఆయన లెక్కలోకే వెళ్లిందని ఆవిడ బాధ. నాకూ మనసు చివుక్కుమంది.

"పోనీ, ఈ నెల్రోజులు మా బావమరిది పేరున పెడదాం. ఫ్రిస్కోలో ఉంటాడు, కాదనడు," అన్నారాయన.

తమ్ముడి వాటాను అక్క వాటాతో కలపరన్నది నిజమే. కానీ పేరు అతనిదై సొత్తు ఆవిడదైతే, చట్టం దాన్ని ఆవిడదిగానే చూస్తుంది. ఆ మాట చెప్పే అవకాశం నాకు రాలేదు.

"ఇన్నాళ్లూ మీ పేరు వెనకాల ఉన్నాను. ఇప్పుడు తమ్ముడి పేరు వెనకాల నిలబడనండి," అన్నారు విమల గారు. "నువ్వు ఫైల్ చెయ్యమ్మా."

"ఆషాఢం వచ్చేస్తుంది విమలా..."

"రానివ్వండి. ల్యాబ్‌లో అడుగుపెట్టిన రోజు ముహూర్తం ఎవరు చూశారు?"

ఆ వారమే ఫైల్ చేశాను. ప్రభుత్వం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. గడువు తీరేసరికి ఆషాఢం రానే వచ్చింది.

వాటా చేతులు మారే క్లోజింగ్ రోజున ఆయన చేతిలో స్వీట్ల డబ్బా. "ఆషాఢంలో కొత్త దంపతుల్ని విడదీస్తారు. మీ చట్టం పాత దంపతుల్ని కలిపిందమ్మా," అన్నారు. అంతలోనే అగ్రిమెంట్‌లో భాగస్వామిగా ఆవిడ పేరు చూసి కళ్లజోడు తీశారు. "ఇది ఎప్పుడో చెయ్యాల్సింది విమలా." అగ్రిమెంట్‌ను ఆవిడ ముందుకు జరిపారు.

"ముందు ఆ పెన్ను ఇలా ఇవ్వండి," అన్నారావిడ. ఈసారి నవ్వారు. వాళ్లిద్దర్నీ చూస్తే నాకెంత ముచ్చటేసిందో!

అప్పటినుంచీ, ఏ జంట వచ్చినా వాటా ఎంత అనే ముందు అది ఎవరిదని అడుగుతున్నాను. జవాబు భర్త చెబితే, భార్య వైపు తిరిగి మళ్లీ అడుగుతాను.